వైద్య తత్వశాస్త్రం వార్డులో దేనికి పనికొస్తుంది?

హౌస్ సర్జన్:
మాకు వైద్య తత్వశాస్త్రం మీద సెమినార్ పెట్టారు. జబ్బంటే ఏమిటి, కారణమంటే ఏమిటి, దేన్ని రుజువు అనాలి... చదవడానికి బాగానే ఉన్నాయి. కానీ ఓపీ కిటకిటలాడుతుంటే వీటితో పనేముంది? గైడ్‌లైన్ చూసి రాసేస్తాం. ట్రీట్‌మెంటే మారిపోయే ఉదాహరణ ఒకటి చెప్పండి. కన్సెంట్, ఎథిక్స్ వద్దు, వాటికి వేరే క్లాసుంది.

జనరల్ మెడిసిన్:
టైఫాయిడ్‌కి రాసే రక్తపరీక్ష వైడాల్ తీసుకోండి. మూడ్రోజుల జ్వరం, 1:160 టైటర్ (రక్తంలో యాంటీబాడీల స్థాయి) పాజిటివ్, వెంటనే టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్. ఆ రిపోర్టు చెప్పేది యాంటీబాడీలు ఉన్నాయని మాత్రమే. పాత ఇన్ఫెక్షన్‌వి కావచ్చు, టీకావి కావచ్చు, వేరే బాక్టీరియాకి వచ్చినవీ కావచ్చు. పైగా అసలు టైఫాయిడ్‌లో మొదటి వారం టైటర్ పెరగకపోవచ్చు కూడా.

లెక్క వేసి చూడండి. అంకెలు లెక్క కోసం అనుకున్నవే: సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో పాజిటివ్ వచ్చేవాళ్లు) 70, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో నెగెటివ్ వచ్చేవాళ్లు) 80 శాతం. 1000 జ్వరాల్లో నిజం టైఫాయిడ్ 50 అయితే, వాటిలో 35 పాజిటివ్ వస్తాయి. టైఫాయిడ్ లేని 950 మందిలో 190 పాజిటివ్. అంటే 225 పాజిటివ్‌లలో అసలువి 35, వందకి పదహారు కూడా లేవు. అదే 1000లో 400 టైఫాయిడ్ ఉంటే 280 నిజం, 120 తప్పు, అంటే 70 శాతం. కిట్ అదే, రిపోర్టు అదే. మారింది టెస్టు రాయకముందు మీకున్న అనుమానం.

కాబట్టి అనుమానం గట్టిగా ఉంటే యాంటీబయాటిక్ మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని బాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) తీయండి. పెద్దవాళ్లకి బాటిల్‌కి 8-10 మి.లీ. రక్తం పడాలి. 3 మి.లీ. పోసి "నో గ్రోత్" వచ్చిందంటే దానికి విలువ లేదు. సరిగ్గా తీసినా కల్చర్ పట్టేది సుమారు 60 శాతమే, కాబట్టి నెగెటివ్ వస్తే టైఫాయిడ్ కాదని కొట్టేయకూడదు.

ఇక "టైఫాయిడ్ పోయిందో లేదో చూడండి" అని కోర్సు అయ్యాక మళ్ళీ వైడాల్ రాయించుకునేవాళ్లు బోలెడు. టైటర్ నెలల తరబడి ఉంటుంది. జ్వరం లేని మనిషికి కాగితం చూసి రెండో కోర్సు ఇస్తే మనం వైద్యం చేస్తున్నది అంకెకి. జబ్బుకీ దాని గుర్తుకీ తేడా అని మీ సెమినార్లో చెప్పేది ఇదే.

కార్డియాలజీ:
రుజువు సంగతికి గుండె లయ మందుల మీద జరిగిన కాస్ట్ (CAST) ట్రయల్ చదవండి. గుండెపోటు తర్వాత వెంట్రిక్యులర్ ఎక్టోపిక్స్ (గుండె కింది గదుల్లో లయ తప్పి వచ్చే అదనపు కొట్టుకోళ్లు) ఎక్కువున్నవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు వాటిని అణిచేస్తాయి. కనుక ప్రాణం నిలుస్తుందని అప్పటికే రాసేస్తున్నారు. ట్రయల్లో ముందు మందిచ్చి, ఎక్టోపిక్స్ తగ్గినవాళ్లనే రాండమైజ్ చేశారు (మందు, ప్లాసిబో అంటే ఉత్తుత్తి మందు గుంపులుగా లాటరీ పద్ధతిలో విడదీశారు). అంటే ఈసీజీ లెక్కన మందు "పనిచేసిన" వాళ్లే. సగటున 10 నెలలకి మందు తీసుకున్న 755 మందిలో 63 మరణాలు, ప్లాసిబో 743 మందిలో 26. ఈ రెండు మందుల భాగాన్ని 1989లోనే ఆపేశారు.

ప్రతి గైడ్‌లైన్ వాక్యం దగ్గరా ఒకటి అడగండి: ట్రయల్లో కొలిచింది మనిషి బతకడాన్నా, ల్యాబ్ అంకెనా?

కమ్యూనిటీ మెడిసిన్:
పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే విద్యార్థులు దీన్నుంచి "శరీరధర్మ వివరణ దండగ, ట్రయల్ ఒక్కటే నిజం" అనే పాఠం నేర్చుకుంటారు, అదే చిక్కు. ఈ మందులు గుండె కణాల్లోని సోడియం ఛానల్‌ని అడ్డుకుంటే మచ్చపడ్డ గుండె కండరంలో కండక్షన్ (విద్యుత్ ప్రసరణ) ఇంకా మందగించి రీ-ఎంట్రీకి (విద్యుత్ సంకేతం ఒకే చోట చుట్టూ తిరగడానికి) దారి ఏర్పడుతుంది. ఈ వివరణ ఉంది కాబట్టే నిర్మాణ లోపం లేని గుండెలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి (పై గదుల లయ తప్పడానికి) ఫ్లెకైనైడ్ ఇప్పటికీ వాడుతున్నాం. ట్రయల్ ఫలితం మీ ముందున్న పేషెంట్‌కి వర్తిస్తుందా అని తేల్చేది అదే.

అటు వివరణ కోసం పట్టుబట్టినా ముప్పే. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే ప్రసూతి డాక్టరు క్లోరిన్ సున్నం నీళ్లతో చేతులు కడిగించాక బాలింత మరణాలు పడిపోయాయి. ఎందుకో నాటి సిద్ధాంతాల్లో ఇమడలేదు కనుక చాలామంది ఒప్పుకోలేదు.

హౌస్ సర్జన్:
వైడాల్ సంగతి అర్థమైంది. కానీ పాజిటివ్ రిపోర్టు చేతిలో పెట్టుకుని మందు ఇవ్వకపోతే, రేపు ఏదైనా అయితే?

జనరల్ మెడిసిన్:
కేస్ షీట్లో రాయండి: జ్వరం ఎన్నో రోజు, టైఫాయిడ్ అనుమానం ఎంత, ఎందుకు, మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ (నల్లి కాటుతో వచ్చే జ్వరం) చూశారా, కల్చర్ ఏ టైముకి పంపారు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు. కడుపునొప్పి, మత్తు, బీపీ పడిపోవడం ఉంటే కల్చర్ తీసి వెంటనే మందు మొదలుపెట్టండి, రిపోర్టు కోసం ఆగొద్దు. బాగానే ఉన్న మనిషైతే 48 గంటల్లో తిరిగి చూడండి. అసలు అనుమానమే లేనప్పుడు వైడాల్ రాయకపోతే ఈ తలనొప్పి ఉండదు.