ఏది అసలైన త్రయం: జస్టిస్ లీగ్‌దా, అవెంజర్స్‌దా?

కృష్ణాతీరం:
డీసీ వారి జస్టిస్ లీగ్ అనగానే సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ ఉమన్. మార్వెల్ వారి అవెంజర్స్ అనగానే కెప్టెన్ అమెరికా, ఐరన్ మ్యాన్, థోర్ గుర్తుకు రావడం సహజం. సినిమాలను పక్కన పెట్టి కామిక్స్ పుటల్లో ఉన్నదాన్నే ప్రమాణంగా తీసుకుంటే, ఈ రెండింటిలో ఏది గట్టి త్రయమో తేల్చుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నా దృష్టిలో అది అవెంజర్స్ త్రయమే. ఆ ముగ్గురి బంధాన్ని జట్టే తయారు చేసింది. లీగ్ త్రయం మాత్రం ముగ్గురికీ విడివిడిగా ఉన్న ప్రఖ్యాతిని చూసి తరువాతి రచయితలు కూర్చినది. 1960లో లీగ్ మొదటిసారి కనిపించిన ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ 28వ సంచిక ముఖచిత్రాన్ని చూడండి. స్టారో అనే రాకాసి నక్షత్రచేప చుట్టూ వీరులు పోరాడుతుంటారు. ఆ బొమ్మలో సూపర్‌మ్యాన్ లేడు, బ్యాట్‌మ్యాన్ లేడు. జట్టు పుట్టిన రోజున ముఖచిత్రం మీద కూడా లేనివారిని మూలస్తంభాలని ఎలా అంటాం?

నీలిసిరా:
అదే ముఖచిత్రం మీద వండర్ ఉమన్ ఉన్నదండీ. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, ఆక్వామ్యాన్, మార్షియన్ మ్యాన్‌హంటర్‌లతో పాటు ఆమె కూడా అక్కడే పోరాడుతున్నది. మీరు చూపించిన సాక్ష్యంలోనే ముగ్గురిలో ఒకరు కనిపిస్తుంటే, లేని ఇద్దరి గురించి మాత్రమే రాశారు. ఇక పుట్టిన రోజు లెక్కే తీయాలంటే, 1963 నాటి ‘అవెంజర్స్’ మొదటి సంచికలో థోర్ శత్రువైన లోకీ కుట్ర వల్ల ఒక్కచోటికి చేరినవారు ఐరన్ మ్యాన్, థోర్, హల్క్, యాంట్ మ్యాన్, వాస్ప్. కెప్టెన్ అమెరికా నాలుగో సంచికలో గానీ మంచులోనుంచి బయటపడలేదు. 1965లో పదహారో సంచిక వచ్చేసరికి థోర్, ఐరన్ మ్యాన్ ఇద్దరూ తప్పుకోగా, హాకై, క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్‌లను వెంటబెట్టుకొని జట్టును నడిపినవాడు ఒక్క క్యాప్, అంటే కెప్టెన్ అమెరికా. ఆ తొలి దశలో ముగ్గురూ కలిసి ఉన్న కాలం ఎంత కొద్దిదో పాఠకులే చూడవచ్చు.

పాతపుస్తకం:
హల్క్ రెండో సంచికలోనే వెళ్ళిపోయాడు కాబట్టి ఆ స్థానాన్ని, వ్యవస్థాపకుడి హోదాను క్యాప్‌కు ఇచ్చారు. ఆ అభ్యంతరం అంతటితో తీరిపోయినట్లే.

నీలిసిరా:
తీరలేదు. తరువాత ఇచ్చిన హోదాను పుట్టుకతో వచ్చిన హోదాగా లెక్కించేటట్లయితే, తరువాత కూర్చిన త్రయమని లీగ్‌ను తప్పుపట్టే హక్కు కృష్ణాతీరం గారికి ఉండదు. రెండు జట్లకూ ఒకే కొలత ఉండాలి.

కృష్ణాతీరం:
ఒకే కొలతతోనే చూద్దాం. 1985–86లో డీసీ కథల చరిత్రనే తిరగరాసిన ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ ముగిశాక, 1987లో జార్జ్ పెరేజ్ వండర్ ఉమన్ కథను మళ్ళీ మొదటినుంచి ప్రారంభించాడు. అప్పుడే మనుషుల లోకానికి వచ్చిన యువతిగా ఆమెను చూపడంతో, లీగ్ వ్యవస్థాపకుల్లో ఆమె స్థానాన్ని బ్లాక్ కానరీ అనే మరో వీరనారికి ఇవ్వవలసి వచ్చింది. 2006లో ఆ చరిత్రను మళ్ళీ మార్చిన ‘ఇన్ఫినిట్ క్రైసిస్’ ముగిసేదాకా అధికారిక చరిత్ర అదే. మూలస్తంభాన్ని అన్నేళ్ళపాటు తీసివేసినా ఇల్లు నిలబడే ఉన్నదంటే అది మూలస్తంభం కాదని అర్థం. అసలు బంధం సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లది. 1954 నుంచి ‘వరల్డ్స్ ఫైనెస్ట్’ పత్రికలో వారిద్దరూ జంటగా సాహసాలు చేస్తూ వచ్చారు. ఆ జంటకు మరొకరిని చేర్చి త్రయమన్నారు, అంతే.

తూర్పుగాలి:
2003–04లో రెండు సంస్థలూ కలిసి ప్రచురించిన ‘జెఎల్ఏ/అవెంజర్స్’లో థోర్‌ను సూపర్‌మ్యాన్ పడగొట్టాడు. చివరికి థోర్ సుత్తిని, క్యాప్ డాలును కూడా చేతబట్టాడు. ఇంకా చర్చ ఎందుకో నాకు తెలియడం లేదు.

నీలిసిరా:
తూర్పుగాలి గారూ, ఎవరి బలం ఎంత అన్నది ఇక్కడ ప్రశ్న కాదు.

కృష్ణాతీరం గారూ, “మరొకరిని చేర్చారు” అన్న మీ మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట నాకు కొత్త కాదు. మా ఊళ్ళో పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణంలో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ సంచికలు దొంతరలుగా ఉండేవి. వండర్ ఉమన్ కావాలని అడిగితే, అవి తెప్పించినా చదివేవారు లేరని యజమాని తీసిపారేసేవాడు. అడుగుతున్నది చదివే మనిషే అన్న సంగతి ఆయనకు తట్టలేదు. ప్రచురణకర్తలు చేసినదీ వేరు కాదు. 1941లో పుట్టిన ఆ వీరనారిని లీగ్‌కు ముందునాటి జట్టైన జస్టిస్ సొసైటీలో చేర్చుకొని, కార్యదర్శి పదవి కట్టబెట్టారు. మగవారు యుద్ధానికి బయలుదేరుతుంటే, వారిలో చాలామందికంటే బలమైన ఆమె కార్యాలయంలో ఉండిపోయేది. ఆమె స్థానాన్ని రచయితలు పదేపదే లాక్కున్నారు కాబట్టి ఆ స్థానం ఆమెది కాదనడం, భూమి ఆక్రమించినవాడే పట్టా అడిగినట్లున్నది.

మీ త్రయం సంగతి కూడా చూద్దాం. మార్వెల్ చరిత్రలో ఆ ముగ్గురి బంధానికి అతి పెద్ద పరీక్ష 2006 నాటి ‘సివిల్ వార్’. వీరులందరూ ప్రభుత్వం దగ్గర నమోదు కావాలన్న చట్టాన్ని ఐరన్ మ్యాన్ సమర్థించాడు, క్యాప్ ఎదిరించాడు. థోర్ ఎక్కడ? 2004 నాటి రాగ్నరాక్ (దేవతల అంతం) కథలోనే అతడు కనుమరుగయ్యాడు. అతడి కణాలతో టోనీ స్టార్క్, అంటే ఐరన్ మ్యాన్, పక్షం తయారు చేసిన నకిలీ థోర్ యుద్ధంలోకి దిగి, గోలియత్‌ను, అంటే బిల్ ఫాస్టర్‌ను చంపింది. ముగ్గురి కథలో మూడోవాడు లేకుండానే మహాయుద్ధం జరిగిపోయింది. అది జంట కాక మరేమిటి?

కృష్ణాతీరం:
మీ ఊరి దుకాణదారు చేసిన అన్యాయానికి నేను జవాబుదారుని కాను. నా మాటను ఆయన మాటతో ముడిపెట్టడం నాకు బాధ కలిగించింది.

థోర్ లేకపోవడమే ఆ కథకు ప్రాణం. ముగ్గురు స్నేహితులం కలిసి ఒక ముద్రణాలయం నడిపాం. అందరికీ సర్దిచెప్పే మూడో మిత్రుడు విదేశానికి వెళ్ళిపోయాక, మిగిలిన ఇద్దరం లెక్కల దగ్గర మాటామాటా పెరిగి విడిపోయాం. ఈనాటికీ మా మధ్య మాటల్లేవు. మూడో మనిషి లేని వెలితి ఏమి చేస్తుందో నాకు పుస్తకం చెప్పనక్కరలేదు. 2007లో తిరిగివచ్చిన థోర్, న్యూ ఆర్లియన్స్‌లో ఐరన్ మ్యాన్ ఎదురుపడగానే తన నకిలీని చేసినందుకు అతడి కవచాన్ని చితక్కొట్టాడు. 2010లో ‘సీజ్’ తరువాత వచ్చిన ‘అవెంజర్స్ ప్రైమ్’లో గానీ ఆ ముగ్గురూ మళ్ళీ మనసు విప్పి మాట్లాడుకోలేదు. లేనివాడి కోసం అంత కథ నడిచిందంటే అతడు అక్కరకు రానివాడని ఎలా అంటారు? మీ లీగ్‌లో ఇటువంటిది ఒక్కటి చూపించండి.

నీలిసిరా:
చూపిస్తాను. 2005లో ‘ఇన్ఫినిట్ క్రైసిస్’ మొదటి సంచిక. చంద్రుడి మీద శిథిలమైపోయిన లీగ్ స్థావరంలో ముగ్గురే నిలబడి ఉంటారు. తన జ్ఞాపకాలను సహచరులే చెరిపివేశారని తెలిసిన బ్యాట్‌మ్యాన్, వీరులందరినీ కనిపెట్టి ఉండడానికి బ్రదర్ ఐ అనే ఉపగ్రహాన్ని నిర్మించాడు. అది శత్రువుల చేతిలో పడింది. అంతకుముందే, సూపర్‌మ్యాన్ మనసును వశం చేసుకొన్న మ్యాక్స్‌వెల్ లార్డ్ అనే దుష్టుడిని వండర్ ఉమన్ చంపింది. ఇక ఒకసారి చనిపోయి తిరిగివచ్చిన సూపర్‌మ్యాన్‌ను చూసి బ్యాట్‌మ్యాన్, నువ్వు చివరిసారి ఎవరికైనా స్ఫూర్తినిచ్చింది చనిపోయినప్పుడే అని ముఖం మీదనే అంటాడు. ముగ్గురిలో ప్రతి ఒక్కరూ మిగిలిన ఇద్దరికీ సమాధానం చెప్పుకోవలసిన స్థితి అది. అక్కడ ఏ ఇద్దరినీ జంటగా విడదీయలేరు.

కృష్ణాతీరం:
మీరే ఆ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. నేను ఆమెను ఆ ఇద్దరి సరసన నిలబెట్టలేకపోవడానికి కారణం వ్యవస్థాపకత్వం కాదు, ఆ హత్య. చేతికి చిక్కి కట్టుబడి ఉన్న మనిషి మెడ విరిచింది. ఆ దృశ్యాన్ని బ్రదర్ ఐ ప్రపంచమంతటికీ ప్రసారం చేసినప్పుడు జనం భయపడ్డారంటే వారి తప్పు లేదు. చంపకూడదన్న నియమం మీద నిలబడిన ఇద్దరి మధ్య, చంపడాన్ని ఒక ఉపాయంగా భావించే వ్యక్తి ఎలా ఇముడుతుంది?

నీలిసిరా:
ఇంతసేపూ 1960 నాటి ముఖచిత్రం గురించి మాట్లాడించి, మనసులోని మాట ఇప్పుడు చెప్పారు. సరే, దాని గురించే మాట్లాడుకొందాం. అప్పటికే లార్డ్ వశంలో ఉన్న సూపర్‌మ్యాన్ బ్యాట్‌మ్యాన్‌ను చావు అంచుదాకా కొట్టాడు. సత్యపాశంతో బంధించి ఎలా ఆపాలని డయానా, అంటే వండర్ ఉమన్, అడిగితే, తనను చంపితే తప్ప సూపర్‌మ్యాన్‌కు విముక్తి లేదని లార్డే చెప్పాడు. ఆ పాశంలో చిక్కినవాడు అబద్ధం చెప్పలేడు. వదిలిపెడితే ఆ తరువాతి శవం సూపర్‌మ్యాన్ భార్య లోయిస్ లేన్‌ది కావచ్చు. మిగిలిన ఇద్దరి చేతులూ శుభ్రంగా ఉండడానికి కారణం ఆమె తన చేతులను మలినం చేసుకోవడమే.

పైగా మీ త్రయానికి ఈ మచ్చ లేదా? 1992లో ‘ఆపరేషన్: గెలాక్టిక్ స్టార్మ్’ కథలో, క్యాప్ వద్దని వారిస్తున్నా ఐరన్ మ్యాన్ పక్షం వెళ్ళి క్రీ అనే గ్రహాంతర జాతి అధినేత సుప్రీమ్ ఇంటెలిజెన్స్‌ను అంతం చేసింది. టోనీ మీ త్రయంలో ఎలా మిగిలాడు, డయానా ఎలా బయటికి వెళ్ళింది?

పాతపుస్తకం:
ఆ కథలో థోర్‌గా ఉన్నది ఎరిక్ మాస్టర్‌సన్. అసలు థోర్ కాదు.

కృష్ణాతీరం:
సుప్రీమ్ ఇంటెలిజెన్స్ జీవమా, యంత్రమా అన్నదే ఆనాటి వాదన. అది యంత్రమని నమ్మినవారే ఆ పని చేశారు. ఎదుట ఉన్నది మనిషని తెలిసి చేసినది డయానా. ఈ తేడా నాకు చిన్నది కాదు.

నీలిసిరా:
తనకు అనుకూలమైన సమాధానాన్ని ముందే నమ్మి చంపినవాడికంటే, ఎదుట ఉన్నది మనిషేనని ఒప్పుకొని, దాని ఫలితాన్ని భరించడానికి సిద్ధపడినామె నాకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. సూపర్‌మ్యాన్‌ను ఆపడానికి మరో దారి ఉన్నదని మీరు నమ్మితే, అది ఆ హత్య జరిగిన సంచికలోని ఏ పుటలో ఉన్నదో చూపించండి.