పెద్ద ఫోల్డర్ కాపీకి సీపీ చాలదా, ఆర్‌సింక్ తప్పదా?

తీరంగాలి: లినక్స్‌లో వేల ఫొటోలున్న ఫోల్డర్‌ను బయటి హార్డ్‌డిస్కుకు కాపీ చేయాలి. ఆఫీసులో మామూలు కాపీ ఆదేశం సీపీ (cp) చాలంటారు, ఇక్కడ ఎవరిని కదిపినా ఆర్‌సింక్ (rsync) అనే మరో కాపీ ఆదేశం పేరు చెప్తారు. ఏది వాడాలి?

పాతటెర్మినల్: సీపీకి హైఫన్ ఏ (-a) తగిలిస్తే ఫైళ్ల అనుమతులు, తేదీలు, లింకులు ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. ప్రోగ్రామర్లు ట్రిడ్జెల్, మెకరాస్‌లు 1996లో ఆర్‌సింక్‌ను తెచ్చింది నెమ్మదైన నెట్‌వర్కుల మీద ఫైలులో మారిన భాగాలనే పంపడానికి. రెండు డిస్కులూ మన కంప్యూటర్‌కే తగిలించి ఉంటే అది ఆ పద్ధతి వదిలేసి ఫైలు మొత్తం రాస్తుంది. ఇక దానివల్ల ఒరిగేదేమిటి?

సర్వర్‌గది: కాపీ మధ్యలో ఆగినప్పుడు ఒరుగుతుంది. సీపీ గమ్యంలో అసలు పేరుతోనే రాయడం మొదలుపెడుతుంది. యూఎస్‌బీ కేబుల్ కదిలిందా, సగం ఫొటో అదే పేరుతో మిగిలిపోతుంది. మళ్లీ హైఫన్ ఎన్ పెట్టి నడిపితే పేరు ఉంది కదా అని దాటేస్తుంది. అసలు ఫైలు కొత్తదైతేనే రాయమనే హైఫన్ యు పెట్టినా అంతే: సగం ఫైలు తేదీ ఇప్పటిది, అసలు కంటే కొత్తది! ఆర్‌సింక్ చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది. పిల్లల ఫొటోల విషయంలో ఈ ఒక్క తేడా చాలదా?

పాతటెర్మినల్: హైఫన్ యు సంగతి ఒప్పుకుంటాను. కానీ కొత్తవాళ్లకు ఆర్‌సింక్ ఇచ్చేముందు దాని ప్రమాదాలూ చెప్పండి. మూలం ఫోల్డర్ చివర స్లాష్ పెడితే లోపలివి మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డరే వెళ్తుంది. మూలంలో లేనివాటిని నకలు నుంచి తీసేసే డిలీట్ ఆప్షన్‌తో, మూలం డిస్కు మౌంట్ కాని (సిస్టమ్‌కు జోడించని) రోజు నడిపితే, ఆ ఖాళీ ఫోల్డర్‌ను చూసి నకలంతా తుడిచేస్తుంది. సీపీ ఏ రోజూ ఆ పని చేయదు.

సర్వర్‌గది: డిలీట్ పెట్టమని నేను చెప్పలేదు, ఈ పనికి అది అక్కరలేదు కూడా. స్లాష్ మీద అనుమానముంటే ముందు ఆర్‌సింక్‌ను హైఫన్ ఎన్, హైఫన్ వి రెండూ పెట్టి నడపండి. ఏదీ రాయకుండా, ఏం చేయబోతోందో చూపిస్తుంది. పొరపడకండి, సీపీలో హైఫన్ ఎన్ అర్థం వేరు. అన్నట్టు, సీపీ కూడా గమ్యంలో అదే పేరున్న ఫైలు మీద అడగకుండానే రాసేస్తుంది.

మెట్టపొలం: ఇద్దరూ సరిచూడటం గురించి మాట్లాడలేదు. ఆర్‌సింక్ రెండోసారి నడిపితే మామూలుగా పరిమాణం, తేదీ మాత్రమే పోల్చుతుంది. లోపలి డేటా పోల్చాలంటే హైఫన్ సి కావాలి. అది కూడా డిస్కును తీసి మళ్లీ తగిలించాక చేయండి, లేకపోతే మెమరీలో మిగిలిన కాపీనే చదివే అవకాశం ఉంది. డిస్కు ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన వీడియోలు ఏ ఆదేశంతోనూ ఎక్కవు.

తీరంగాలి: నా డిస్కు ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్. డిలీట్ లేకుండా ఆర్‌సింక్, తర్వాత హైఫన్ సి. ఈ రాత్రే మొదలుపెడతాను.

పాతటెర్మినల్: ఎక్స్‌ఫ్యాట్‌లో అనుమతులు, సింబాలిక్ లింకులు (వేరే ఫైలును చూపే షార్ట్‌కట్‌లు) నిలవవు. హైఫన్ ఏ బదులు, లోపలి ఫోల్డర్లను, తేదీలను మాత్రమే పట్టించుకునే హైఫన్ ఆర్‌టీ (-rt) వాడండి, అనవసరపు ఎర్రర్లు రావు. చిన్న ఫోల్డర్లకు మాత్రం నా ఓటు ఇప్పటికీ సీపీకే.