బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే భద్రతలో నిజంగా పోయేదేమిటి?

ప్రశ్న:
కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌లో లీనేజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్ ఆధారంగా కంపెనీ బయటివాళ్లు తయారుచేసే ఓఎస్) వేద్దామనుకుంటున్నాను. రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం) అక్కర్లేదు. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ చేయగానే ఓఎస్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేశాక ఫోన్ పోతే, దొరికినవాళ్లు ఫొటోలు, మెసేజ్‌లు చూసేయగలరా? బ్యాంకు యాప్‌లు నడుస్తాయా? కొత్త ఓఎస్ ఎక్కించాక మళ్లీ లాక్ చేసేస్తే ఇబ్బంది ఉండదు కదా? ఎలా చేయాలో కూడా చెప్పగలరు.

జవాబు 1:
చేసే విధానం వరకు నేను చెప్తాను. ముందు బ్యాకప్ తీసుకోండి. అన్‌లాక్ అవగానే ఫోన్‌లోని మీ డేటా అంతా చెరిగిపోతుంది. దొంగ లాక్ తీసి డేటా చదవకుండా కావాలనే అలా పెట్టారు. ఫొటోలు అందరికీ గుర్తుంటాయి కానీ ఓటీపీ కోడ్‌లిచ్చే ఆథెంటికేటర్ యాప్‌ని మరిచిపోతుంటారు. దాన్ని ముందే వేరే ఫోన్‌లోకి మార్చుకోండి.

అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ఓఈఎం అన్‌లాకింగ్ (బూట్‌లోడర్ తెరవడానికి అనుమతి), యూఎస్‌బీ డీబగ్గింగ్ (కంప్యూటర్ నుంచి కమాండ్లు తీసుకోవడానికి అనుమతి) రెండూ ఆన్ చేయండి. ఓఈఎం అన్‌లాకింగ్ నొక్కడానికి వీల్లేకుండా మసగ్గా ఉంటే నెట్ కలిపి చూడండి. అప్పటికీ మారకపోతే అది నెట్‌వర్క్ కంపెనీ లాక్ చేసి అమ్మిన ఫోన్ కావచ్చు.

కంప్యూటర్‌లో ప్లాట్‌ఫామ్ టూల్స్ (ఫోన్‌కి కమాండ్లు పంపే ఏడీబీ, ఫాస్ట్‌బూట్ ఉన్న గూగుల్ ప్యాకేజీ) పెట్టుకుని "ఏడీబీ రీబూట్ బూట్‌లోడర్" ఇవ్వండి. తర్వాత "ఫాస్ట్‌బూట్ డివైసెస్" అంటే సీరియల్ నంబర్ కనబడాలి. అంతకుముందు ఏడీబీ పనిచేసి ఇక్కడ కనబడకపోతే విండోస్‌లో ఫాస్ట్‌బూట్ డ్రైవర్ లేదని అర్థం. డ్రైవర్ ఉన్నా రాకపోతే యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చండి. ఇక "ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్" ఇచ్చి, తెర మీద వాల్యూమ్ బటన్‌తో ఎంచుకుని పవర్ నొక్కాలి. పాత ఫోన్లలో ఈ కమాండ్ "ఫాస్ట్‌బూట్ ఓఈఎం అన్‌లాక్" అని ఉంటుంది. షావోమీకి సొంత టూల్ ఉంది, అకౌంట్ జతచేసి వేచి ఉండాలి. శామ్‌సంగ్‌లో అయితే బయటి ఇమేజ్ (కంపెనీది కాని ఓఎస్ ఫైలు) ఎక్కించగానే నాక్స్ ఫ్యూజ్ (చిప్‌లో శాశ్వతంగా గుర్తు మిగిల్చే ఏర్పాటు) తెగిపోతుంది. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి వేసినా సెక్యూర్ ఫోల్డర్ (ఫైళ్లు, యాప్‌లు విడిగా దాచుకునే చోటు) రాదు.

జవాబు 2:
పోయిన ఫోన్ గురించి భయం కొంత ఎక్కువే. డేటాని చదవనివ్వకుండా ఆపేది ఎన్‌క్రిప్షన్. దాని తాళం మీ పిన్‌తోనూ, చిప్‌లోని రహస్యంతోనూ కలిసి తయారవుతుంది. అందుకే వేరే రికవరీ (మరమ్మతుకి, ఓఎస్ ఎక్కించడానికి వాడే చిన్న వ్యవస్థ) ఎక్కించినంత మాత్రాన ఫొటోలు బయటపడవు. బూట్‌లోడర్ లాక్ కాపలా కాసేది ఓఎస్‌ని ఎవరూ మార్చకుండా. బూట్‌లోడర్ బూట్ ఇమేజ్ (ఓఎస్‌లో మొదట నడిచే భాగం) మీది డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది, ఆ పైభాగాలను ఆ తర్వాతి దశలు సరిచూస్తాయి. అన్‌లాక్ చేశాక సంతకం తప్పినా ఫోన్ ఆగదు.

కాబట్టి పోయిన ఫోన్ కన్నా పోయి తిరిగొచ్చిన ఫోనే ప్రమాదం. పదినిమిషాలు మీ చేయి దాటితే చాలు, మార్చిన బూట్ ఇమేజ్ ఎక్కించేయొచ్చు. మీరు ఇంటికొచ్చి పిన్ కొట్టగానే అది వాళ్లకు చేరుతుంది, ఇక ఎన్‌క్రిప్షన్ ఉన్నా లేనట్టే. ఆన్ చేసినప్పుడు వచ్చే హెచ్చరిక తెర మీ బిల్డ్‌కీ, వాళ్ల బిల్డ్‌కీ ఒకేలా ఉంటుంది. చూసి పోల్చుకోలేరు.

ఇంకో మాట. లీనేజ్ ఆండ్రాయిడ్ భాగానికి ప్యాచ్‌లు తెస్తుంది. మోడెమ్, బూట్‌లోడర్ లాంటి ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మాత్రం కంపెనీ ఆపేసిన చోటే ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో వెండర్ (కంపెనీ ఇచ్చిన భాగాల) ప్యాచ్ తేదీ విడిగా కనిపిస్తే చూడండి, తేడా తెలుస్తుంది. అయినా ఫోన్ ఎప్పుడూ మీ దగ్గరే ఉండేదైతే, ప్యాచ్‌లే రాని పాత ఓఎస్ కన్నా అన్‌లాక్ చేసిన లీనేజే మేలని నా అభిప్రాయం.

జవాబు 3:
మళ్లీ లాక్ చేయడం గురించి: లీనేజ్ ఉండగా "ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ లాక్" ఇవ్వకండి, దయచేసి. లాక్ పడగానే బూట్‌లోడర్ కంపెనీ సంతకం కోసం చూస్తుంది, అది దొరకదు, ఫోన్ లేవదు. అప్పటికి ఓఈఎం అన్‌లాకింగ్ కూడా ఆఫ్‌లో ఉంటే తిరిగి తెరిచే దారి కూడా ఉండదు. పిక్సెల్ లాంటి కొన్ని ఫోన్ల సంగతి వేరు. వాటిలో ఓఎస్ తయారుచేసినవాళ్ల కీని బూట్‌లోడర్‌లో నమోదు చేసి లాక్ చేయొచ్చు. పిక్సెల్‌ల కోసం భద్రతకి ప్రాధాన్యమిచ్చి తయారుచేసే గ్రాఫీన్ ఓఎస్ చేసేది అదే. అక్కడ హెచ్చరిక పసుపు రంగులో వస్తుంది, అన్‌లాక్ స్థితిలో నారింజ.

మిగతా ఫోన్లలో లాక్ కావాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఎక్కించి, ఒకసారి ఆన్ చేసి చూసి, ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్‌లో ఉందని ఖాయం చేసుకున్నాకే. అప్పుడూ డేటా చెరిగిపోతుంది. పాత వెర్షన్ వేయకండి, యాంటీ రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి దిగనివ్వని రక్షణ) ఉన్నవి దాన్ని ఒప్పుకోవు. ఉదాహరణకు పిక్సెల్ 6 ఆండ్రాయిడ్ 13కి మారాక 12కి దిగదు.

బ్యాంకు యాప్‌ల విషయం ఆ యాప్ చేతిలో ఉంటుంది. ప్లే ఇంటెగ్రిటీలో (ఫోన్ నమ్మదగినదేనా అని గూగుల్ చేసే పరీక్ష) ప్రాథమిక స్థాయిని మించి అడిగే యాప్‌కి మీ ఫోన్ పాస్ కాదు. కీ అటెస్టేషన్ (ఫోన్ స్థితికి చిప్ ఇచ్చే ధ్రువీకరణ) అడిగితే చిప్ సంతకంతోనే "అన్‌లాక్ అయింది" అని జవాబు వెళ్తుంది. దాన్ని మరుగుపరిచే మాడ్యూళ్లు బయటపడిన కీల మీద ఆధారపడతాయి, గూగుల్ వాటిని రద్దు చేయగానే ఆగిపోతాయి. పైగా వాటికి రూట్ కావాలి. డబ్బు లావాదేవీలకు వేరే ఫోన్ ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. ఎప్పుడైనా ఫోన్ రిపేరుకి ఇవ్వాల్సొస్తే?

జవాబు 2:
ఇచ్చే ముందు డేటా చెరిపేయండి, పిన్ ఇవ్వకండి. తిరిగొచ్చాక పిన్ గానీ అకౌంట్ గానీ పెట్టకముందే కంపెనీ ఇమేజ్‌ని ఫాస్ట్‌బూట్‌లో పూర్తిగా వేసి, దాని మీద లీనేజ్ వేసుకోండి. ఫ్యాక్టరీ రీసెట్ సరిపోదు, అది మీ డేటానే చెరుపుతుంది కానీ బూట్ భాగాన్ని ముట్టుకోదు.