అప్‌డేట్: అమెరికా ఇన్వెస్టర్ వీసా – ఈ-2నా, ఈబీ-5నా?

భారత పౌరులకు ఈ-2 (ఒప్పంద దేశాల వాళ్లకిచ్చే ఇన్వెస్టర్ వీసా), ఈబీ-5 (పెట్టుబడితో గ్రీన్‌కార్డు), ఎన్ఐడబ్ల్యూ (జాతీయ ప్రయోజనం పేరిట ఈబీ-2లో వచ్చే గ్రీన్‌కార్డు)లలో ఏది కుదురుతుందని అడిగాను కదా, సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. తేలిందిదీ.

ఈ-2 కుదరదు, భారత్‌కు అమెరికాతో ఆ ఒప్పందమే లేదు. ఎన్ఐడబ్ల్యూకి స్పాన్సర్ అక్కర్లేదు, కానీ ఆమోదం వచ్చినా ఈబీ-2 (ఉన్నత విద్యార్హతల గ్రీన్‌కార్డు కేటగిరీ) భారత్ క్యూలో ఏళ్ల తరబడి ఆగాల్సిందే.

మిగిలింది ఈబీ-5. గ్రామీణ ప్రాంత ప్రాజెక్టులో 8 లక్షల డాలర్లు పెట్టాలి, 10 ఫుల్‌టైమ్ ఉద్యోగాలు సృష్టించాలి. గ్రామీణ కోటాకే 20 శాతం వీసాలు కేటాయించారు కాబట్టి నా ఓటు దానికే.

అసలు చిక్కు డబ్బు పంపడంలో. ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్లే పరిమితి. ఇద్దరుంటే మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం పంపితే 10 లక్షల డాలర్ల దాకా వెళ్తుంది. రీజినల్ సెంటర్ (ఈబీ-5 ప్రాజెక్టులకు పెట్టుబడులు సేకరించే సంస్థ) ఫీజు కూడా అందులోనే సర్దుకోవాలి. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్‌లో సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా ఆ నగదు చేతిలో ఉండాలి.

బంధువుల ఖాతా నుంచి పంపితే గిఫ్ట్ డీడ్ ఒక్కటే చాలదు. వాళ్లకు ఆ డబ్బు ఎలా వచ్చిందో కూడా అమెరికా ఇమిగ్రేషన్ అధికారులకు చూపాలి: సేల్ డీడ్, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. పొలం అమ్మకంలో నగదుగా తీసుకున్న భాగానికి ఆధారం ఉండదు, ఫైలు అక్కడే ఆగుతుంది.