స్వీడన్‌లో మనవణ్ణి ఒక్క దెబ్బ కూడా వెయ్యకూడదా?

మాది కావలి. వచ్చే నెల స్టాక్‌హోమ్‌లో కొడుకు దగ్గరికి పోతుండాం, పెద్దోడికి నాలుగేళ్లు, చిన్నదానికి ఎనిమిదో నెల, మా ఆయనకేమో చెయ్యి ముందు నోరు తర్వాత, అక్కడ కొడితే తప్పంట గదా, నిజమేనా?

జవాబు: నిజమే అక్కా, 1979 నుంచే చట్టం, కన్నోళ్లు గూడా కొట్టకూడదు. మా నాయన ఇప్పుడు మనవడు అలిగితే నేలమీద కూర్చోని బతిమాలుతుండాడు, మమ్మల్ని మాత్రం చింతబరికెతో పెంచాడు 😄

ఇంకో జవాబు: మీ వాడు లీవు పెట్టి డైపర్లు మారుస్తుంటే ఏమీ అనబాకండి. బిడ్డకి 480 రోజులిస్తారు, అందులో 90 తండ్రివే, వాడకపోతే పోయినట్టే, తల్లికి రాసిచ్చేదానికి లేదు. మా అత్త ఒంగోలు నుంచొచ్చి "మగోడికి బాలింత సెలవేంది" అని వారం మాట్లాడలా.

మళ్లీ నేనే: అందుకా కోడలు స్వీడిష్ క్లాసులకి పోయేది! ఫ్రీ అంట. సరే, గోంగూర పచ్చడి తీసకపోనిస్తారా?