హర్రీ, డాడిల్ లాంటి మాటలకి ఫ్రెంచ్‌లో ఏది ఎక్కడ వాడాలి?

టెఫ్_తిప్పలు:
అందరికీ నమస్తే. టెఫ్ కెనడాకి, అంటే కెనడా వలసకి రాసే ఫ్రెంచ్ పరీక్షకి చదువుతున్నా. 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (కెనడా పీఆర్ దరఖాస్తుల పద్ధతి) ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి విడిగా డ్రాలు తీసి పిలుస్తున్నారు కదా, దానికి నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ 7, అంటే కెనడావాళ్ల ఫ్రెంచ్ కొలతలో ఏడో స్థాయి, రావాలి. క్రియారూపాలు బట్టీ కొట్టి ఏదోలా లాక్కొస్తున్నా గానీ మాటల దగ్గరే బండి ఆగిపోతోంది. మా క్లాసులో ఇచ్చిన ఇంగ్లీష్ లిస్టులో తొందర మాటలు హర్రీ, రష్, హేస్ట్, డ్యాష్ ఒకవైపు, నెమ్మది మాటలు డాడిల్, లాయిటర్, లింగర్, సాంటర్ ఇంకోవైపు ఉన్నాయి, అన్నిటికీ ఫ్రెంచ్ రాసుకు రమ్మన్నారు. డిక్షనరీ తీస్తే హర్రీ ఒక్కదానికే స దెపెషే, స ప్రెసే, స ఆతే అని మూడు, డాడిల్‌కి త్రెనే, లాంబినే, ఫ్లానే అని ఇంకో మూడు. ఇవన్నీ ఒకటేనా, ఏది పడితే అది వాడెయ్యొచ్చా? స్పీకింగ్ రెండో భాగంలో ఫ్రెండ్‌ని ఒప్పించాలి కదా, అక్కడ "త్వరగా తేల్చు, సీట్లు అయిపోతాయి" లాంటివి అనాల్సి వస్తుంది, దానికేది బాగుంటుంది? తెలుగులో చెప్పేవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్, వీడియోలు చూసీ చూసీ బుర్ర వేడెక్కింది.

ఫ్రెంచ్_పంతులమ్మ:
ఒకటి కాదు తమ్ముడూ. ముందు హర్రీ సంగతి చూద్దాం, ఎందుకంటే ఇంగ్లీష్‌లో ఆ ఒక్క మాటే అన్నిచోట్లా తిరుగుతుంది, ఫ్రెంచ్‌లో దేని దారి దానిదే. ఎదుటివాళ్లని త్వరపెట్టాలంటే దెపెషే. ఫ్రెండ్‌కైతే "దెపెష్ త్వా", మీరు అనాల్సిన మనిషికైతే "దెపెషే వూ", అయినా కొత్తవాళ్లని అలా అంటే మొహం మాడ్చుకుంటారు, మనం తెలియని పెద్దాయన్ని "తొందరగా కానివ్వండి" అంటే ఎలా ఉంటుందో అలాగే. అదే నువ్వు తొందరలో ఉన్నావని చెప్పుకోవాలంటే దెపెషే పనికిరాదు, "జ సుయి ప్రెసే" అనాలి. అమ్మాయి రాస్తే చివర ఇంకో ఇ చేరుతుంది, పలకడంలో తేడా ఉండదు. ఈ ప్రెసే అసలు అర్థం నొక్కిన, పిండిన అని. పారిస్ కెఫేలో సిత్రోన్ ప్రెసే అడిగి చూడు, అప్పుడే పిండిన నిమ్మరసం గ్లాసులో అడుగున పోసి, నీళ్ల జగ్గూ పంచదారా పక్కన పెట్టి వెళ్లిపోతారు, కలుపుకోవడం మన పని. టైమ్ చేతిలో నలుగుతున్నవాడు కూడా అలాంటి నిమ్మకాయే అనుకో, ఇక మర్చిపోవు. అన్నట్టు ఫ్రాన్స్‌లో ప్రెసింగ్ అని బోర్డు కనిపిస్తే అది డ్రైక్లీనింగ్ షాపు, తొందరకీ దానికీ ఏ సంబంధం లేదు.

ఇక ఆత్. ఇంగ్లీష్‌వాళ్ల హేస్ట్ పాత ఫ్రెంచ్ నుంచి వెళ్లిందే, తర్వాత ఫ్రెంచ్‌వాళ్లు మధ్యలో ఎస్ పలకడం మానేసి, రాతలో కూడా దాన్ని తీసేసి, అచ్చు మీద టోపీ పెట్టారు. ఫారెస్ట్‌కి ఫోరె, హాస్పిటల్‌కి ఓపితాల్ కూడా ఇదే తంతు, టోపీ కనపడితే అక్కడో ఎస్ పోయిందేమో అని చూసుకుంటే సగం మాటలు ఇంగ్లీష్ నుంచే పట్టెయ్యొచ్చు. స ఆతే ఇప్పుడు పుస్తకాల భాష, నోటితో పెద్దగా అనరు. కానీ "జే ఆత్ ద త వ్వార్" మాత్రం రోజూ వినపడుతుంది, అక్కడ హడావుడి ఏం లేదు, నిన్ను ఎప్పుడెప్పుడు చూస్తానా అని ఉంది, అంతే. లిజనింగ్‌లో దీన్ని తొందర అనుకుంటే ఆన్సర్ తారుమారు అవుతుంది.

నాకు వీటిలో బాగా నచ్చేది దెపెషే పుట్టుక. ఆంపెషే అంటే అడ్డుకోవడం, అది లాటిన్‌లో కాలి సంకెలని చెప్పే మాట నుంచి వచ్చింది. ముందున్న ఆం తీసేసి దె తగిలించారు, సంకెల ఊడింది, మనిషి కదిలాడు. ఇంగ్లీష్ ఎక్స్‌పెడైట్ వెనక ఉన్నదీ ఇదే లెక్క, కాళ్లు వదిలించడం. త్వరగా పంపిన వార్తని కూడా దెపెష్ అనేవాళ్లు, తులూజ్‌లో 1870లో మొదలైన పేపర్ పేరులో ఇప్పటికీ ఆ మాటే ఉంది.

నీ ఎగ్జామ్ వాక్యం: "దెపెష్ త్వా, ఇల్ న రెస్త్ ప్లూ బోకూ ద ప్లాస్." చాలు. గ్రూయ్ త్వా, మాఞ్ త్వా అని ఇంకా ముతకవి ఉన్నాయి, కుర్రాళ్లు వాళ్లలో వాళ్లు అనుకునేవి, అర్థం తెలిస్తే చాలు, ఎగ్జామినర్ ముందు వద్దు.

మాంట్రియల్_మంచు:
అక్క చెప్పింది కరెక్టే, కాకపోతే నువ్వు రాబోయేది కెనడాకి కాబట్టి ఇక్కడి సంగతి కూడా విను బ్రో. కెబెక్‌లో, అంటే కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే ఈ రాష్ట్రంలో, త్వరపెట్టడానికి ఆన్‌వెయ్ అంటారు, అసలు అది పంపు అనే క్రియే, వీళ్ల నోట్లో పడి "కానీయ్ కానీయ్" అయిపోయింది. నేను చేసే గోడౌన్‌లో ట్రక్కు వెనక్కొచ్చి ఆగీ ఆగకముందే మా సూపర్‌వైజర్ గ్లౌజులతోనే చప్పట్లు కొడుతూ ఆన్‌వెయ్ ఆన్‌వెయ్ అని మొదలెడతాడు, క్లాసులో నేర్చుకున్న దెపెషే వూ ఇక్కడ ఎవరి నోటా వినలేదు నేను. పనిలో వేషాలేస్తూ టైమ్ తగలేస్తుంటే "అరెత్ ద న్యేజే" అంటారు, అది కూడా ఇక్కడి సరుకే.

ఇంకోటి, ఫ్లానే. పారిస్‌లో ఫ్లానే అంటే పనేం పెట్టుకోకుండా షాపులూ మనుషులూ చూస్తూ తీరిగ్గా తిరగడం, బోద్లేర్ లాంటి ఫ్రెంచ్ కవులు 19వ శతాబ్దంలోనే ఆ తిరిగేవాడిని గొప్పోణ్ణి చేసేశారు, నీ లిస్టులో సాంటర్‌కి అది సరిపోతుంది. ఇక్కడేమో దెపానర్ ముందు, అంటే మన వీధి చివర కిరాణా కొట్టు లాంటిది, దాని తలుపు మీద "దెఫాన్స్ ద ఫ్లానే" అని అతికించి ఉంటుంది, ఊరికే ఇక్కడ నిలబడొద్దు, పోండి అని. కాబట్టి లాయిటర్‌కి కెబెక్‌లో అదే మాట. అక్కడ షోకు, ఇక్కడ నేరం 😀

బేగి_రండెహె:
వాళ్లకి మూడుంటేనే ఏడుస్తున్నావా భయ్యా, మన దగ్గర శ్రీకాకుళంలో బేగి, సీమలో బిన్నా, హైదరాబాద్‌లో జల్ది, ఇంట్లో అమ్మ అరిచేది గబగబా. ఇవన్నీ మోస్తూనే ఉన్నాం కదా.

త్రెనే నాకు ఈజీగా పట్టుబడింది, ఎందుకంటే అది అచ్చం ఈడ్వడమే. మనం కాళ్లీడ్చుకుంటూ వచ్చాడంటాం, వాళ్లూ "త్రెనే లె ప్యే" అంటారు. పని ఈడ్చినా త్రెనే, కాలేజీ అయ్యాక ఇంటికి రాకుండా రోడ్ల మీద తిరిగినా త్రెనే. లాంబినే మాత్రం ఎక్కువ చిన్న చిన్న పనుల్లో నానుస్తుంటే అనేది. స్కూల్ వ్యాన్ హారన్ కొడుతుంటే పిల్లాడు ఒక సాక్సు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని గోడ మీద బల్లిని చూస్తుంటాడు చూడు, అప్పుడు "అరెత్ ద లాంబినే". నీ లిస్టులో డాడిల్ అంటే అదే.

టెఫ్_తిప్పలు:
ఆ సాక్సు మా ఇంట్లోదే 😂 అందరికీ చాలా థాంక్స్. మేడమ్, ఇంకా రష్, డ్యాష్, లింగర్ మిగిలాయి. ఇంగ్లీష్‌లో వెళ్లొస్తా అనడానికి ఐ మస్ట్ డ్యాష్ అంటారు కదా, దానికి కురీర్ అంటే సరిపోతుందా? వీత్‌కీ రపీద్‌కీ తేడా కూడా ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు.

ఫ్రెంచ్_పంతులమ్మ:
కురీర్ అంటే నిజంగా కాళ్లతో పరుగు, సెలవు తీసుకోవడానికి అది కుదరదు. "ఫో క జ ఫీల్" అను, లేదా "జ మ సోవ్", రెండూ ఫ్రెండ్స్ మధ్యవే. రష్‌కి మాత్రం ఒక్క మాట దొరకదు, ఏ రకం రష్ అన్నది చూసుకోవాలి. జనవరి సేల్ మొదలైన పొద్దున షాపు షట్టర్ లేవగానే జనం తోసుకుంటూ పడితే స ర్యుఎ, ముందూ వెనకా చూడకుండా దూకేస్తే స ప్రెసిపితే, బండేసుకుని దూసుకుపోతే ఫోన్సే. హోంవర్క్ ఆదరాబాదరాగా గీకి పారేస్తే బాక్లే, మా స్టూడెంట్ల పుస్తకాల మీద నేను ఎక్కువ రాసేది ఇదే. రష్ అవర్ అయితే ఎర్ ద ప్వాంత్. లింగర్‌కి సతార్దే, తిండి అయిపోయినా బల్ల దగ్గర్నుంచి లేవకుండా కబుర్లు చెప్పుకుంటారే, అది.

వీత్, రపీద్ రెండూ వేగానివే, కాకపోతే వీత్ క్రియకి, రపీద్ మనిషికో వస్తువుకో. "ఇల్ కూర్ వీత్", కానీ "ఇలె రపీద్". ఇలాంటి జంటే ఇంకోటుంది చూసుకో, నువ్వు లేట్ అయితే "జ సుయి ఆఁ రతార్", పొద్దుపోతే "ఇలె తార్", మనవాళ్లు ఎక్కువమంది జ సుయి తార్ అనేస్తారు.

ఒప్పించే భాగంలో ఎగ్జామినర్ ఫ్రెండ్ వేషం వేసి అడుగడుక్కీ అడ్డం పడతారు, "యా పా ల ఫ" అనొచ్చు, ఏం కొంపలంటుకోవట్లేదుగా అని. స్విట్జర్లాండ్ వాళ్ల నెమ్మదిని ఆటపట్టిస్తూ ఫ్రెంచ్‌వాళ్లు "ఓ లాక్" కూడా చేర్చి సరస్సుకేం నిప్పంటుకోలేదుగా అంటారు. అప్పుడు నువ్వు సీట్ల సంగతి ఎత్తాలి. పది నిమిషాల భాగం అది, ఒక్క దెపెష్ త్వాతో నెట్టుకురాలేవు. ఇక్కడ చెప్పినవాటితో ఆరేడు వాక్యాలు రాసి కింద పెట్టు, ఆదివారం చూసి చెప్తా.