నోవహు ఏడు ఆజ్ఞలు పాటించేవాళ్లకి పెద్దగా ఎవరుండాలి?

రాజోలు లంక: మావైపు నాలుగైదు కుటుంబాలం ఈ ఏడు ఆజ్ఞలు, అంటే నోవహు ద్వారా మనుషులందరికీ దేవుడిచ్చాడని యూదులు చెప్పేవి, పాటిస్తున్నామండి, యూదుల్లో కలవాలని కాదు. ఇప్పుడు మాలో ఒకాయన తనే పాస్టర్‌లా ఉంటానని, కానుకలు తనకే ఇమ్మని అంటున్నాడు. ఏం చెయ్యాలి?

భీమవరం: ఇవ్వకండి. ఇందులో పాస్టర్ పదవే లేదు. ఏడింటిలో ఆరు చేయకూడనివి: విగ్రహారాధన, దైవదూషణ, హత్య, వ్యభిచారం, దొంగతనం, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినడం. ఏడోది న్యాయస్థానాలు పెట్టుకోమనడం, దానికి మన కోర్టులున్నాయిగా!

అమలాపురం: యూదేతరులు సొంతంగా కొత్త మతం, కొత్త పండగలు కల్పించుకోకూడదని యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడెస్ 12వ శతాబ్దంలోనే రాశాడు, అంచేత మీ పెద్దకి చదివి చెప్పే పనే గానీ కొత్త నియమాలు పెట్టే అధికారం లేదు, సందేహమొస్తే తెలిసిన రబ్బీని, అంటే యూదు మతగురువుని, అడగాలి. 1980ల్లో న్యూయార్క్‌లో లుబావిచ్ అనే యూదు శాఖ పెద్ద రబ్బీ ష్నీర్సన్ కూడా వీటిని యూదేతరులకి నేర్పమని యూదులకే గట్టిగా చెప్పాడు. డబ్బుకైతే మన కాలవ నీటి సంఘంలా ముగ్గుర్ని ఎన్నుకోండి, లెక్క అందరిముందూ చదవాలి. ఆడవాళ్లు ఒకరైనా ఉండాలండోయ్.

రాజోలు లంక: ఆయనకి చెప్తే అలుగుతాడు, మా మావయ్యే మరి.

భీమవరం: అలగనివ్వండి. ఖాతా మాత్రం ఇద్దరి సంతకాలతో తెరవండి.